మోకాలి మార్పిడి తర్వాత భద్రకాళి బండ్ దాకా

మోకాలు ఎంత వంగుతోందని అందరూ అడుగుతారు. నేను మాత్రం ముందు తిన్నగా చాపడం చూసుకోమంటాను. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని మెల్లగా కిందికి నొక్కండి. మోకాలి కింద దిండు పెడితే హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగి బిగుసుకుపోతుంది. మా కోడలు ఆ దిండును రోజూ తీసేసేది, ఆమెకు దండం పెట్టాలి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి.

డాక్టరు బయట నడవమన్నాక వరంగల్‌లోని భద్రకాళి చెరువు బండ్ మీద మొదలుపెట్టండి. ఖిలా వరంగల్‌లో ఎగుడుదిగుడు రాళ్లు, అక్కడికి తర్వాత వెళ్లొచ్చు. సాయంత్రానికి వాపు పెరిగితే కాలు ఎత్తులో పెట్టి ఐస్ పెట్టండి, మర్నాడు దూరం తగ్గించండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.