మొక్కజొన్న సందులో పెసర కాయలేదు, ఎలా సరిచేసుకున్నానంటే (నా అనుభవం)

పోయినేడు వానాకాలం మొక్కజొన్న 60 సెంటీమీటర్ల సాళ్లలో వేసి ప్రతి సందులో ఒక సాలు పెసర పెట్టాను, మొదటి నెల ముచ్చటగానే ఉంది, ఆ తర్వాత మొక్కజొన్న ఆకులు రెండు వైపుల నుంచీ వాలి కలిసిపోయాయి, మిట్టమధ్యాహ్నం వంగి చూస్తే నేల మీద రూపాయి బిళ్ళంత ఎండ మచ్చలే. పెసర వెలుగు కోసం సాగి సాగి తీగలా అయింది, కణుపుకీ కణుపుకీ మధ్య బెత్తెడు దూరం, కింద ఆకులు పసుపు, పూత రాలింది. యూరియా తక్కువైందనుకుని ఇంకో బస్తా వేశా, దాంతో మొక్కజొన్న ఇంకా ఏపుగా పెరిగి పెసరకి ఇంకా చీకటైంది. తప్పు ఎరువులో లేదండీ, మొక్క ఆకారంలో ఉంది.

ఈ ఏడు ఆకులు నిటారుగా నిలిచే హైబ్రిడ్ తీసుకున్నా. జంట సాళ్లు పెట్టా, జంటలో 30, జంటకీ జంటకీ మధ్య 90 సెంటీమీటర్లు, అంటే ఎకరాకి మొక్కజొన్న మొక్కలు అన్నే ఉంటాయి, సందు మాత్రం వెడల్పైంది, అందులో రెండు సాళ్ల పెసర. రెండూ ఒకేరోజు విత్తా. పెసర 65-70 రోజుల పంట, మొదటి నెలన్నర వెలుగు దొరికితే నిలబడుతుంది.

సాళ్లు ఏ దిక్కుకి అని అడుగుతారు, వానాకాలంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి దాదాపు నెత్తి మీదే కదా, అందుకే దిక్కు కంటే ఆకు వాలు, సందు వెడల్పే ముఖ్యమని నా అభిప్రాయం.

మొన్న ఒక మొక్క పీకి లెక్కపెడితే 19 కాయలు, పోయినేడు నాలుగు కూడా లేవు. అమ్మ ఆ సందులో ఒంటికి ఆకులు కోసుకోకుండా నడుస్తూ కాయలు ఏరుతోంది.