60, 30 కలిస్తే ఎంత? ఉష్ణం పాఠానికి ముందు ఇది చేయించండి

ఉష్ణం పాఠం మొదలుపెట్టిన రోజే, కలిపిన నీళ్ల ఉష్ణోగ్రత కట్టే సూత్రం బోర్డు మీద రాసేయకండి. 60 డిగ్రీల వేడినీళ్లు 200 మి.లీ., 30 డిగ్రీల చన్నీళ్లు 100 మి.లీ. కలిపితే ఎంతొస్తుందో ముందు పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. కొందరు 90 అంటారు, చాలామంది 45 అంటారు. ఆ 45 దగ్గర కాసేపు ఆగాలి. ద్రవ్యరాశి సంగతి వాళ్లకింకా తట్టలేదన్నమాట.

తర్వాత కలిపి చూపించండి. వేడినీళ్లు రెండింతలున్నాయి కాబట్టి లెక్క ప్రకారం (200×60 + 100×30) ÷ 300, అంటే 50 రావాలి. స్టీలు గ్లాసూ గాలీ కొంత వేడి లాక్కోవడం వల్ల 48, 49 దగ్గర ఆగుతుంది. కొలజాడీలో పోయగానే వేడినీళ్లు చల్లబడతాయి, కాబట్టి సరిగ్గా కలపబోయే ముందే ఉష్ణోగ్రత చూడండి. బల్బు నీళ్లలో ఉండగానే రీడింగు తీయాలి. గాజు జ్వరం థర్మామీటరు మాత్రం వద్దు, దాని కొలత 42 దాకే, పగిలిపోతుంది.