పిల్లలు టూరుకెళ్తే ఇంగ్లండు పల్లెలో ఇల్లు మీదే: అమ్మానాన్నలకు కొన్ని జాగ్రత్తలు

జూన్, జూలై వచ్చిందంటే ఇంగ్లండులో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉంటారు. పిల్లలేమో ఎప్పుడో చవగ్గా దొరికాయని స్పెయిన్‌కో ఇటలీకో టికెట్లు కొనేసి ఉంటారు. బ్రిటన్ వీసా ఒక్కటే చూపిస్తే షెంగెన్ దేశాల్లోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఆ యూరప్ దేశాల్లోకి రానివ్వరు కాబట్టి పెద్దవాళ్లు ఇంటి దగ్గరే ఆగిపోతారు. లెస్టర్‌లోనో ఈస్ట్ హామ్‌లోనో అయితే వీధి చివర మన కొట్టు, పలకరించడానికి మనవాళ్లు ఉంటారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్, గ్లోస్టర్‌షైర్ వైపు పల్లెల్లో ఇల్లు తీసుకున్న వాళ్ల సంగతి వేరు. వారం పది రోజులు ఇద్దరే ఉండాలి. చుట్టూ గోధుమ పొలాలు, చర్చి గంట, సాయంత్రానికి ఒక బస్సు.

ఫోనులో అందరూ ముందు అడిగేది దొంగల గురించే. నన్నడిగితే అంతకంటే ముందు తలుపు గురించి, బాత్రూంలో నీళ్ల గురించి, బయట ఆవుల గురించి అడగాలి. ఊరు ప్రశాంతంగా కనిపిస్తుంది కదా, ఏమరుపాటు అక్కడే వస్తుంది.

ఎవరి ఇల్లు కాస్తున్నారు?

కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉంటే ఏ పేచీ లేదు. అబ్బాయి ఆఫీసులో ఎవరో "మీ పేరెంట్స్ ఖాళీగానే ఉన్నారుగా, మా ఇల్లూ కుక్కనూ రెండు వారాలు చూసుకుంటారా, ఊరికే వద్దులే, ఎంతో కొంత ఇస్తాం" అంటే మాత్రం నవ్వుతూ వద్దనేయండి. విజిటర్ వీసా మీద పని చేయకూడదు. డబ్బులు తీసుకోకుండా, ఉచిత బసకు బదులుగా ఇల్లు కాసినా దాన్ని పనిగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. మనవడితో నాలుగు రోజులు ఆడుకోవడం తప్పు కాదు. మనవణ్ణి పెంచే ఆయా ఉద్యోగానికి వచ్చినట్టు ఉండటమే తప్పు. ఎయిర్‌పోర్టులో అడిగితే పిల్లల్ని చూడటానికి వచ్చామని, ఎన్ని రోజులుంటామో, తిరుగు టికెట్ ఎప్పుడో ఉన్నదున్నట్టు చెప్పండి.

తలుపు

ఇక్కడి తలుపులు రెండు రకాలుగా ఏడిపిస్తాయి. కొత్త ప్లాస్టిక్ తలుపులకు హ్యాండిల్‌ను పైకి ఎత్తి, లోపల కొక్కేలు పడిన చప్పుడు విన్నాకే తాళం తిప్పాలి. ఉత్తినే మూసి వెళ్తే అది తాళం వేసినట్టు కాదు. పాత రాతి ఇళ్ల తలుపులు దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. మూసుకుంటే చాలు, తాళం దానంతటదే పడిపోతుంది. చెత్తడబ్బా గేటు దగ్గర పెట్టొద్దామని చెప్పులతో బయటికి అడుగేస్తారు, వెనకనుంచి గాలికి తలుపు ధడాల్న పడుతుంది. ఫోను లోపల, కళ్లజోడు లోపల, స్టౌ మీద పప్పు లోపల.

కాబట్టి బయటికి ఒక్క అడుగు వేసినా తాళంచెవి ఒంటి మీదే ఉండాలి. నడుముకు గుత్తి దోపుకున్న నాయనమ్మల పద్ధతికి మించింది లేదు. రాత్రి లోపలినుంచి తాళం వేసుకున్నాక చెవిని రంధ్రంలోనే వదిలేయకండి. చాలా తాళాల్లో లోపల చెవి ఉంటే బయటినుంచి ఇంకొకటి పట్టదు. అలాగని ఎక్కడో దాచేయకండి, నిప్పు అంటుకుంటే చీకట్లో చేతికి అందాలి. ఇంకో చెవి పక్కింట్లో ఇచ్చి ఉంచాలి. ఆ పక్కింటావిడను పిల్లలు ఊళ్లో ఉన్నప్పుడే ఒకసారి టీకి పిలిచి పరిచయం చేసుకోండి.

పిల్లలు వెళ్లేముందు ఇల్లంతా "చూపించాం" అంటారు. చూపిస్తే చాలదు, మీ చేత చేయించాలి. తాళం మీరే వేసి తీయండి. వంటింటి సింకు కింద నీళ్లు మొత్తం ఆపే కుళాయి ఉంటుంది, మీరే కుడివైపు తిప్పి కట్టి చూడండి. కరెంటు పోతే ఫ్యూజు పెట్టెలో ఏ మీట కిందికి పడుతుందో మీరే ఎత్తి చూడండి. అబ్బాయి ఫోనులో వీడియో తీసిస్తానంటే తీయనివ్వండి, కాదనక్కర్లేదు. చేత్తో చేసిందే అవసరానికి గుర్తొస్తుంది.

బాత్రూం, వంటిల్లు

ఇక్కడ బాత్రూం నేలకు నీళ్లు పోయే తూము ఉండదు. నేల కింద చెక్క, చెక్క కింద హాలు సీలింగు. మనం అలవాటుగా రెండు మగ్గులు బయట పోసుకుంటే మర్నాటికి కింద సీలింగు మీద పసుపు మరక తేలుతుంది. ఎన్ని నీళ్లు పోసుకున్నా టబ్బులోపలే, కర్టెన్ అంచు కూడా టబ్బులోపలికే. టబ్బు అంచు మోకాలి ఎత్తు ఉంటుంది, దిగేటప్పుడు జారుతుంది. లోపలొక రబ్బరు చాప, బయటొక తువ్వాలు ముందే పరిచి ఉంచుకోండి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా, సన్నగా ఉంటాయి, దూలాలు తలకు తగులుతాయి. రాత్రి బాత్రూంకు లేస్తే లైటు వేసే లేవండి.

వంటింట్లో తాలింపు ఒక్కటే గండం. ఎండుమిరపకాయ నూనెలో పడగానే పొగ అలారం ఊరంతా వినపడేలా అరుస్తుంది. స్టౌ మీది ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, హాలు వైపు తలుపు మూసి ఆ తర్వాత నూనె పెట్టండి. మోగితే కంగారు పడక కింద నిలబడి తువ్వాలుతో విసరండి. గోల భరించలేక బ్యాటరీ పీకేయడం మాత్రం వద్దు. నిమిషానికోసారి కిచ్‌మంటుంటే అది పొగ కాదు, బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. ఇండక్షన్ స్టౌ అయితే మనం తెచ్చిన అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. అడుగుకు అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనికొస్తాయి.

మిగిలిన నూనె, అన్నం మెతుకులు సింకులో పోయకండి. చాలా పల్లె ఇళ్లకు మురుగు కాలువ ఉండదు, తోటలో సెప్టిక్ ట్యాంకే దిక్కు. గడ్డి కప్పు ఇల్లయితే దీపం వెలిగించి ఆ గది వదిలి కదలొద్దు. సాంబ్రాణి ఈ వారానికి మానేసినా దేవుడేమీ అనుకోడు.

ఎండ, నీళ్లు, చెత్త

"ఇంగ్లండులో ఎండేమిటి, విజయవాడ చూసిన వాళ్లం" అనుకోవద్దు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఇళ్లు చలికాలం వేడిని పట్టి ఉంచడానికి కట్టినవి, సీలింగు ఫ్యాను ఉండదు, ఏసీ ఉండదు. బయట లోపలికంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీలు, కర్టెన్లు మూసి ఉంచి, చల్లబడ్డాక తెరవండి. రాత్రి పడుకునేముందు కింది కిటికీలు మూయడం మరవద్దు.

మొక్కలకు నీళ్లు పోసేముందు పైపు వాడొచ్చో లేదో అడగండి. 2025 జూలైలో థేమ్స్ వాటర్ సంస్థ ఆక్స్‌ఫర్డ్‌షైర్, గ్లోస్టర్‌షైర్, స్విండన్ చుట్టుపక్కల గొట్టంతో నీళ్లు పట్టడాన్ని నిషేధించింది. అలాంటి నిషేధం మీరితే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. క్యానుతో పోస్తే తప్పులేదు, కూరగాయలు కడిగిన నీళ్లు మరీ మంచివి. చెత్తడబ్బాలు ఏ వారం ఏ రంగువో కౌన్సిల్ క్యాలెండరులో ఉంటుంది. అది చదవడం కష్టమనిపిస్తే ముందురోజు సాయంత్రం పక్కింటివాళ్లు ఏది బయట పెట్టారో చూసి అదే పెట్టండి.

తలుపు తట్టేవాళ్లలో ఒక రకం ఉంటారు. "పక్కింట్లో పని చేస్తున్నాం, మీ కప్పు మీద పెంకు జారింది, ఇప్పుడే బాగుచేస్తాం" అంటారు. పాపం మంచివాడిలాగే మాట్లాడతాడు. కప్పు వైపు చూడటానికి కూడా బయటికి రావద్దు. "అబ్బాయి వచ్చాక రండి" అని గొలుసు తీయకుండానే చెప్పండి. డబ్బు అసలే ఇవ్వొద్దు.

ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ఉల్లి, వెల్లుల్లి పడిన ఏ కూరా పెట్టకూడదు, రెండింటికీ అవి విషమే. కుక్కలకు ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా. మన పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకోండి. అది కాళ్ల దగ్గర కూర్చుని ఎంత దీనంగా చూసినా సరే.

ఊరు చూడటానికి బయల్దేరితే

పొలాల మధ్యనుంచి నడిచే హక్కు ఇక్కడ అందరికీ ఉంది, కాకపోతే గుర్తు వేసిన బాట మీదే. స్తంభం మీద పసుపు బాణం ఉంటే కాలినడక బాట, నీలం బాణం ఉంటే గుర్రాలు కూడా వస్తాయి. గుర్రం ఎదురైతే ఓ పక్కకు జరిగి కదలకుండా నిలబడండి, అప్పుడు గొడుగు తెరవొద్దు. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. కొన్నిచోట్ల కంచె మీదుగా ఎక్కి దిగే చెక్క మెట్లు ఉంటాయి, చీరతో కష్టం.

ఇక ఆవులు. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నా. మనవాళ్లకు ఆవు కనిపిస్తే చేయి దానంతటదే తోక వైపు వెళ్తుంది, సంచిలోంచి అరటిపండు బయటికొస్తుంది. మన వీధుల్లో మనుషుల మధ్య తిరిగే ఆవు కాదిది. మందలో పెరిగింది, పక్కన దూడ ఉంటే మనిషి మీదికి వస్తుంది. దారిన పోయేవాళ్లను ఆవులు తొక్కి చంపిన ఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. తల్లీ దూడల మధ్యలోంచి ఎప్పుడూ వెళ్లకండి. అవి బాట మీదే ఉంటే చుట్టూ తిరిగి వెళ్లండి, లేదా వెనక్కి వచ్చేయండి. పరుగెత్తకండి. చేతిలో కుక్క ఉండి మంద మీదికొస్తే గొలుసు వదిలేయండి. వాటికి కోపం కుక్క మీదే, అది ఎలాగో తప్పించుకుంటుంది. దండం పెట్టుకోవాలనిపిస్తే కంచెకు ఇవతలినుంచి పెట్టుకోండి, ఆ కంచె తీగలో కరెంటు ఉంటుందేమో చూసుకుని.

ఆకుకూరల మీద మమకారం ఉన్న అమ్మలకు మరో మాట. బాట పక్కన అచ్చం కొత్తిమీరలా, క్యారెట్ ఆకులా ఉండే మొక్కలు విరగబూస్తాయి. అందులో హెమ్లాక్ అనేది ప్రాణం తీసే విషం, కాడ మీద ఊదారంగు మచ్చలుంటాయి. మచ్చలు వెతికి తేల్చుకునే పని పెట్టుకోకుండా ఏ ఆకూ కోయకపోవడం మేలు. మనిషికంటే ఎత్తు పెరిగి గొడుగంత తెల్లపూలు పూసే జెయింట్ హాగ్‌వీడ్ పాలు ఒంటికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. నెటిల్ మన దురదగొండి లాంటిదే, నిండు ప్యాంటు వేసుకుంటే చాలు. ఎత్తు గడ్డిలో నడిచొస్తే మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో వెతకండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిలువుగా లాగాలి. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పాకుతూ పెరిగితే లైమ్ జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

కాలిబాట లేని రోడ్డు మీద కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనిపించేలా, ఒకరి వెనక ఒకరు నడవండి. తెల్ల వలయంలో నల్ల గీత ఉన్న బోర్డు దాటితే కార్లు గంటకు 60 మైళ్ల దాకా, అంటే 96 కిలోమీటర్ల వేగంతో రావచ్చు, దారి రెండు మంచాల వెడల్పే అయినా.

జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగుంటుంది. పొద్దు ఉంది కదా అని తిరుగుతుంటే ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. చాలా పల్లెలకు ఆదివారం బస్సే ఉండదు. వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపాలి, ఆపకపోతే సాగిపోతుంది. 2025 నుంచి ఎక్కువ బస్సుల్లో ఒకసారి ఎక్కితే 3 పౌండ్లకు మించి తీసుకోవడం లేదు. గ్లోస్టర్‌షైర్‌లోని బిబరీ వెళ్తే ఆర్లింగ్టన్ రో అనే పాత ఇళ్ల వరస ముందు ఫొటోలు దిగండి. 14వ శతాబ్దంలో ఉన్ని గిడ్డంగిగా కట్టి, 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చినవి అవి. వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీలోంచి తొంగి చూడకండి, గడప మీద కూర్చోకండి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అఫింగ్టన్ కొండ మీద సుద్దరాయితో తీర్చిన తెల్లగుర్రం బొమ్మ దాదాపు మూడు వేల ఏళ్లది. దాని పక్కనుంచి నడవండి, దాని మీదనుంచి కాదు.

ఒంట్లో బాగాలేకపోతే

బీపీ, షుగరు మాత్రలు ఉన్న రోజులకంటే రెండు వారాలు ఎక్కువే తెచ్చుకోండి. ఇక్కడ మందుల షాపులో ఊరికే అడిగితే యాంటీబయాటిక్ ఇవ్వరు. ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకు డబ్బు అడగరు, ఆసుపత్రిలో చేర్చుకుంటే మాత్రం విజిటర్లకు ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. పాత జబ్బులకూ వర్తించే ఇన్సూరెన్సు బయల్దేరేముందే తీసుకోండి, "లండన్‌లో అంతా ఫ్రీ" అన్న బంధువు మాట నమ్మి ఊరుకోకండి.

ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. ప్రాణం మీదికొస్తే 999, అంత తొందర కాని జబ్బుకు 111, తొందరలేని పోలీసు పనికి 101, కరెంటు పోతే 105, గ్యాసు వాసనొస్తే 0800 111 999. దాని కింద పక్కింటావిడ నంబరు. పల్లెల్లో ఫోను సిగ్నలు సరిగ్గా దొరకదు కాబట్టి వైఫై కాలింగ్ ఆన్ చేయించుకోండి. కాగితం మీద ఇంటి పేరు, పోస్ట్‌కోడ్ కూడా ఉండాలి. ఇక్కడి పాత ఇళ్లు చాలావాటికి నంబరు ఉండదు, పేరే ఉంటుంది. అంబులెన్సు వాళ్లు మొదట అడిగేవాటిలో అదొకటి.