హౌసింగ్ కోసే ముందు

విజయనగరంలో ఇంటి షెడ్డులోనే లారీ వెనక యాక్సిల్ హౌసింగ్ (చక్రాలను తిప్పే షాఫ్టులు లోపల ఉండే గొట్టపు తొడుగు) కోసి, మళ్లీ వెల్డింగ్‌తో అతికి వెడల్పు తగ్గించాలనుకుంటే, గ్రైండర్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

రోడ్డు మీద తిరిగే బండైతే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. బండిలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది.

గేర్ ఆయిల్ దించి, బేరింగులు, సీళ్లు తీసేసి, లోపల జిడ్డు శుభ్రంగా వదలగొట్టండి. కానీ క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడనే వాడొద్దు. దాని తడికి వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

అలైన్‌మెంట్ బార్ (ముక్కలను తిన్నగా ఒకే వరసలో నిలిపే కడ్డీ) లేకుండా మొదలుపెట్టకండి. ఎదురెదురుగా టాక్‌లు (చిన్న చిన్న వెల్డు అతుకులు) వేసి, మధ్యమధ్య చల్లారనివ్వాలి. ఒకే ఊపున చుట్టేస్తే ట్యూబు వంగిపోతుంది.

మన వైపు వానాకాలం గాలికి 7018 రకం వెల్డింగ్ రాడ్లు చెమ్మ పీలుస్తాయి. ఓవెన్‌లో ఆరబెట్టినవే వాడండి, లేదంటే వెల్డు పగిలే ప్రమాదం.

హౌసింగ్ తగ్గితే లోపలి షాఫ్టులూ పొట్టివి కావాలి. స్ప్లైన్ కట్టింగ్ (షాఫ్టు చివర పళ్లు కోయడం) చేసేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. షాఫ్టును నరికి అతకడం మాత్రం వద్దు.