ఆరు నిమిషాల పాఠం, 765 ఎంబీ: ఫోన్‌లో సులువుగా దిగేలా సైజు తగ్గించడం ఎలా?

మా అక్క హైస్కూల్లో సైన్స్ చెబుతుంది. ఒక ఆదివారం గుండె, రక్తప్రసరణ పాఠం ఆరు నిమిషాలు ఫోన్‌తో తీసింది. దానికి తోడు ఒక పీపీటీ, బొమ్మల ఫోటోలు కూడా తయారుచేసి నాకు పంపింది. "ఏరా, ఇది పిల్లల గ్రూపులోకి ఎక్కట్లేదు, కాస్త చూడు" అంది. చూస్తే వీడియో ఒక్కటే 765 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో సగం డేటా ఈ పాఠానికే అయిపోతుంది. పైగా చాలా ఇళ్లలో ఆ ఒక్క ఫోనూ నాన్న పొలం నుంచి వచ్చాకే పిల్లాడి చేతికి వస్తుంది.

ఇదెంత పని అనుకుని ఏదో ఆన్‌లైన్ కంప్రెసర్‌లో పడేసి 12 ఎంబీకి దించి పంపేశాను. మర్నాడు అక్క ఫోన్ చేసి వాయించింది. బోర్డు మీద 'రక్తప్రసరణ' అని రాస్తే, క కింద త వత్తు లేదు, ప పక్కన ర వత్తు మసక. 'కర్ణిక' కాస్తా 'కరిక' అయింది. వీడియో మళ్లీ చూస్తే సంగతి తెలిసింది. బోర్డు పక్కనే కిటికీ, కిటికీ అవతల గాలికి ఊగుతున్న వేపచెట్టు. వీడియో అంటే వరసగా కదిలే బొమ్మలే, ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు. కదలని బోర్డును కంప్రెషన్ ఒకసారి రాసుకుంటే చాలా ఫ్రేముల పాటు అదే వాడుకుంటుంది. కదిలే ఆకుల్ని మాత్రం ప్రతి ఫ్రేములోనూ దాదాపు కొత్తగా రాయాలి. ఉన్న కాస్త డేటా వేపాకులకే పోయింది, వత్తులకు మిగల్లేదు.

ముందు ఒక చిన్న లెక్క

వీడియో సైజు అంటే బిట్‌రేట్‌ను (సెకనుకు ఖర్చయ్యే బిట్లు) సెకన్లతో గుణించి, 8తో భాగించడమే, ఎందుకంటే 8 బిట్లు ఒక బైటు. అక్క ఫోన్ సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసింది. ఆరు నిమిషాలంటే 360 సెకన్లు. 17 × 360 ÷ 8 = 765 ఎంబీ. కాబట్టి సైజు తగ్గాలంటే నిడివి అయినా తగ్గాలి, బిట్‌రేట్ అయినా తగ్గాలి, మూడో దారి లేదు. రిజల్యూషన్‌ను, అంటే ఫ్రేములోని చుక్కల (పిక్సెళ్ల) సంఖ్యను, 1080పి నుంచి 720పికి దించితే అవి 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. తక్కువ పిక్సెళ్లకు తక్కువ బిట్‌రేట్ సరిపోతుంది, అందుకే అందరూ ముందు రిజల్యూషన్ తగ్గించమంటారు.

తీసేటప్పుడే సగం పని అయిపోతుంది

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. అయినా దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఫోన్‌ను చేత్తో పట్టుకోకండి. చెయ్యి వణికితే ఫ్రేము మొత్తం కదిలినట్టే లెక్క. ట్రైపాడ్ లేకపోతే నాలుగు పుస్తకాలు పేర్చి ఆనించండి. కిటికీ మూసెయ్యండి, వెనక రెపరెపలాడే క్యాలెండర్‌ను తీసెయ్యండి, ఫ్యాన్ నీడ బోర్డు మీద పడకుండా చూసుకోండి. వెలుతురు బాగా ఉండాలి. చీకట్లో తీస్తే గోడ మీద చీమలు పారుతున్నట్టు నాయిస్ వస్తుంది, అది కూడా కదలికే కాబట్టి దానికీ డేటా ఖర్చవుతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) ఉంటే 30కి మార్చండి. క్రికెట్ మ్యాచ్‌కి 60 కావాలేమో గానీ, సుద్దముక్కకు అక్కర్లేదు. అక్షరాలు కొంచెం పెద్దగా, వత్తులకు కింద చోటు వదిలి రాయమని అక్కకు చెప్పాను. "నాకే రాత నేర్పుతున్నావా" అంది గానీ, రెండోసారి అలాగే రాసింది.

తర్వాత కత్తిరింపు. "వినబడుతోందా, ఆన్ అయిందా" లాంటివి, చివర్లో ఫోన్ దగ్గరికి నడిచొచ్చి ఆపే దృశ్యం, అన్నీ తీసెయ్యండి. క్లారిటీ ఇసుమంత కూడా పోకుండా సైజు తగ్గేది ఇక్కడొక్కచోటే.

హ్యాండ్‌బ్రేక్‌లో ఏం నొక్కాలి

కంప్యూటర్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కుదించే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పూర్తిగా ఉచితం, వీడియో మీద తన ముద్ర వెయ్యదు. వీడియోను దానిలోకి లాగి వదిలి, ప్రీసెట్స్‌లో 'ఫాస్ట్ 720పి30' ఎంచుకోండి. తర్వాత 'వీడియో' ట్యాబ్‌లో 'కాన్‌స్టంట్ క్వాలిటీ' కింద ఆర్‌ఎఫ్ అనే అంకె కనిపిస్తుంది. ఇది తిరకాసుగా పనిచేస్తుంది: అంకె పెరిగితే సైజు, క్లారిటీ రెండూ తగ్గుతాయి. సుమారుగా 6 పెంచితే సైజు సగం అవుతుందనుకోవచ్చు. నేను 24తో మొదలుపెడతాను.

మొత్తం వీడియోను ఒకేసారి ఎన్‌కోడ్ చేసి (కుదించి) కూర్చోకండి. 'రేంజ్' దగ్గర సెకన్లు ఎంచుకుని, బోర్డు మీద అక్షరాలు ఎక్కువగా ఉన్న 20 సెకన్ల ముక్కను మాత్రమే తీయండి. ఫోన్‌లో వేసి చూడండి. వత్తులు శుభ్రంగా ఉంటే 26కి వెళ్లండి, మసకబారితే 22కి రండి. అంకె కుదిరాక మొత్తం పెట్టండి. కిటికీ మూసి తీసిన రెండో వీడియో ఇలా చేస్తే 41 ఎంబీకి వచ్చింది, ఒక్క అక్షరమూ చెదరలేదు.

ఇక కోడెక్, అంటే వీడియోను కుదించి రాసే పద్ధతి, సంగతి. హెచ్.265 వాడితే దాదాపు అదే క్లారిటీకి సైజు సగానికి దగ్గరగా తగ్గుతుంది. కానీ పాత ఫోన్లు కొన్ని దాన్ని ఆడించలేవు, ఆడించినా ఆగి ఆగి నడుస్తుంది. పిల్లల దగ్గరుండేవి ఎక్కువగా అలాంటి ఫోన్లే కాబట్టి నేను 2003 నాటి హెచ్.264నే నమ్ముకుంటాను.

ఫలానా సైజు దాటకూడదన్న పట్టింపు ఉంటే లెక్కను తిరగేసి చేయండి. ఆరు నిమిషాలు 15 ఎంబీలో ఇమడాలంటే: 15 × 8 = 120 మెగాబిట్లు, అంటే 1,20,000 కిలోబిట్లు. 360తో భాగిస్తే సెకనుకు 333. అందులో ఆడియోకు 64 పోతే వీడియోకు 269 మిగులుతుంది, కొంచెం వదిలేసి 260 అనుకోండి. 'యావరేజ్ బిట్‌రేట్' దగ్గర ఆ అంకె వేసి, మల్టీ-పాస్ టిక్ చేసి, రిజల్యూషన్‌ను 480పికి దించండి. ఇంత తక్కువలో 720పి పెడితే గళ్లు గళ్లుగా కనిపిస్తుంది.

గొంతుకు స్టీరియో ఎందుకు?

స్టీరియో అంటే కుడి, ఎడమలకు వేర్వేరు ధ్వని, మోనో అంటే ఒకటే. ఒక మనిషి మాట్లాడే పాఠానికి మోనో చాలు. 'ఆడియో' ట్యాబ్‌లో మిక్స్‌డౌన్ మోనో, బిట్‌రేట్ 64 పెట్టండి. ఆరు నిమిషాలకు 3 ఎంబీ లోపే. విడిగా ఆడియో పాఠాలు పంపేవాళ్లు డబ్ల్యూఏవీ ఫైల్ పంపకండి, సీడీ నాణ్యతలో అది నిమిషానికి 10 ఎంబీ తింటుంది. ఇక పాఠం వెనక వీణ మ్యూజిక్ పెట్టడం మానేస్తే సైజుకు పెద్ద తేడా రాదు గానీ, వినేవాళ్లకు మేలు.

ఫోటోలు, పీపీటీ

వీడియోలో పెట్టిన ఫోటో ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, చివరికది 720పి ఫ్రేములోకే కుదించుకుపోతుంది. పీపీటీలో అలా కాదు, పెద్ద ఫోటో చాలాసార్లు పెద్దగానే లోపల కూర్చుంటుంది. 4000 × 3000 ఫోటో అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. ఫోన్ తెర కోసం దాన్ని 1280 × 960కి దించితే పదోవంతు అవుతుంది. స్క్వూష్ అనే సైట్‌లో ఇది తేలిక, పని మీ బ్రౌజర్లోనే జరుగుతుంది, ఫోటో ఎక్కడికీ పోదు. ఫోటోలకు జేపెగ్, క్వాలిటీ 75 దగ్గర. గీసిన బొమ్మలకు, అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ. వాటికి జేపెగ్ వాడితే అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు కనిపిస్తుంది.

పవర్‌పాయింట్‌లో ఏదైనా ఫోటో ఎంచుకుని, 'పిక్చర్ ఫార్మాట్'లో 'కంప్రెస్ పిక్చర్స్' నొక్కండి. ఈ ఒక్క ఫోటోకే అన్న టిక్ తీసేసి, కత్తిరించిన భాగాలు తొలగించమన్న టిక్ ఉంచండి. మీరు క్రాప్ చేసిన భాగం కంటికి కనబడదు గానీ ఫైల్లో అలాగే దాగి ఉంటుంది. సైజు సంగతి అటుంచి, హాజరుపట్టీ ఫోటోలోంచి ఒక మూల కత్తిరించి పెట్టారనుకోండి, మిగతా పేర్లన్నీ ఆ పీపీటీతో పాటే ఊరంతా తిరుగుతాయి.

గుండె కొట్టుకునే జిఫ్ బొమ్మ లాంటివి ఉంటే ఎంపీ4గా మార్చండి. జిఫ్ 1987 నాటి ఫార్మాట్, ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టదు, అయినా సైజు మాత్రం బోలెడు.

పంపే ముందు

మీ కొత్త ఫోన్‌లో కాదు, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్‌లో వేసి చూడండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది తన పద్ధతిలో ఇంకోసారి కుదిస్తుంది, మీరు అంత జాగ్రత్తగా కాపాడిన వత్తులు అక్కడ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. కుదించిన ఫైల్‌ను మళ్లీ కుదించకండి, ప్రతిసారీ కొంత పాడవుతుంది. ఏదైనా మార్చాలంటే ఒరిజినల్ నుంచే మొదలుపెట్టాలి. అందుకే పెద్ద ఫైళ్లన్నీ అక్క పెన్‌డ్రైవ్‌లో దాచింది. ఆ వేపాకుల వీడియోతో సహా.