కుండీ మిరపలో ఆకు రంగు మారితే కారణం కనుక్కునే పద్ధతి

హన్మకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో బాల్కనీల్లోనూ, హాలు కిటికీల దగ్గరా, ఈ మధ్య ఎల్‌ఈడీ దీపాల కింద కూడా మిరప మొక్కలు పెంచేవారు పెరిగారు. 2025లో వరంగల్ చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు దక్కిన తరువాత, టమాటలా గుండ్రంగా కాసే ఆ మిరపను కుండీలోనైనా ఒకసారి చూడాలన్న ముచ్చట మరింత మందికి కలిగింది. ఆకు పసుపు రంగుకు తిరగగానే వీరిలో చాలామంది నేరుగా ఎరువుల దుకాణానికి వెళ్తారు. పసుపు రంగుకు పది కారణాలుంటాయి కనుక రంగును మాత్రమే చెప్పి తెచ్చుకున్న మందు సరిపడితే అదృష్టమే అనుకోవాలి. ఏ రంగు వచ్చిందన్న దానికన్నా మొక్కలో అది ఎక్కడ మొదలైందన్నది ముందుగా చూడవలసిన విషయం.

పరీక్షకు పగటి వెలుతురు కావాలి. ఊదా, గులాబీ రంగు కాంతినిచ్చే దీపాల కింద లేత పసుపు, ముదురు ఆకుపచ్చ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కనుక దీపం ఆపి, కుండీని కిటికీ దగ్గరకు జరిపి, ఉదయం పూట చూడాలి. అడుగు ఆకులు ముందుగా మారాయా, చిగుళ్లు ముందుగా మారాయా? ఆకంతా సమంగా పాలిపోయిందా, ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కిందా, అంచులు మాడాయా? మొక్క నలువైపులా ఒకేలా ఉందా, ఒక పక్కకే పరిమితమైందా? ఈ మూడింటికి జవాబు రాసుకుని, అదే రోజు ఫోనులో ఒక ఫొటో కూడా తీసుకుంటే వారం తరువాత పోల్చి చూడటానికి ఆధారం ఉంటుంది.

పోషకాల గురించి ఆలోచించే ముందు వేరు సంగతి తేల్చుకోవాలి. ఇంటి లోపల ఎండ, గాలి తక్కువ కావడం వల్ల మట్టి ఆలస్యంగా ఆరుతుంది. రోజూ నీరు పోసే అలవాటు వల్ల వేర్లకు గాలి అందక ఆకులు వాలిపోయి పసుపెక్కుతాయి. నీరు చాలకపోయినా ఆకులు వాలతాయి కనుక పైకి చూసి రెండింటినీ వేరు చేయలేము. రెండు అంగుళాల లోతుకు వేలు దించి చూడాలి. మట్టి తడిగా ఉండీ మొక్క వాడిపోతే లోపం వేర్లలోనే ఉందని అర్థం. అప్పుడు మొక్కను మట్టిముద్దతో సహా బయటకు తీసి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న వేర్లు తెల్లగా గట్టిగా, కుళ్లినవి గోధుమ రంగులో మెత్తగా, వాసనతో ఉంటాయి. నల్లరేగడి మట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపినవారికి ఈ బాధ ఎక్కువ. చలక మట్టికి కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటే సగం చిక్కులు అక్కడే తీరతాయి.

వేర్లు బాగున్నాయని తేలాక ఆకుల వరుస చూడాలి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదలగలవు. ఇంట్లో తిండిగింజలు తగ్గినప్పుడు పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్టు, ఇవి చాలనప్పుడు ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని మొక్క చిగుళ్లకు పంపుతుంది. అందువల్ల ఈ నాలుగింటి లోపం అడుగు ఆకుల్లోనే ముందుగా బయటపడుతుంది. ఆకంతా ఈనెలతో సహా సమంగా పాలిపోతే నత్రజని తక్కువైందని, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం తక్కువైందని, అంచులు చివర నుంచి మాడుతూ లోపలికి వస్తే పొటాష్ చాలడం లేదని అనుకోవచ్చు. భాస్వరం లోపంలో ఆకు పసుపు రంగుకు తిరగదు, ముదురు ఆకుపచ్చగా మారి అడుగు వైపు ఊదా ఛాయ తేలుతుంది. డిసెంబరు, జనవరి చలికి వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేకపోయినా ఇదే కనిపిస్తుంది. మిరపలో కొన్ని రకాలకు కణుపుల దగ్గర ఊదా రంగు పుట్టుకతోనే ఉంటుంది, దానికి మందు అవసరం లేదు.

నత్రజని తక్కువైతే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు రెండు మూడు గ్రాముల చొప్పున కలిపి తడి మట్టిలో పోయాలి. మెగ్నీషియం సల్ఫేటును లీటరుకు ఐదు గ్రాముల చొప్పున సాయంత్రం ఆకులపై పిచికారీ చేస్తే సరిపోతుంది. పొటాష్ ఎక్కువగా వేసిన కుండీలో వేరు మెగ్నీషియాన్ని సరిగా తీసుకోలేదు కనుక, అరటి తొక్కల నీళ్లు విడవకుండా పోసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇనుము, కాల్షియం, బోరాన్ వంటివి ఒకసారి ఆకులో చేరాక దాదాపు కదలవు. అందుకే వాటి లోపం చిగుళ్లలో మొదలవుతుంది. కొత్త ఆకు పసుపుగా, ముదిరితే దాదాపు తెల్లగా మారి, ఈనెలు మాత్రం సన్నని పచ్చని వలలా నిలిస్తే అది ఇనుము లోపం. చిగురు వంకర తిరిగి కొన మాడితే కాల్షియం, ఆకులు చిన్నవై కణుపులు దగ్గర పడితే జింకు గుర్తుకు రావాలి.

ఇనుము విషయంలో కొంత ఆగి చూడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో మట్టిలో ఇనుము ఉండి కూడా మొక్కకు అందని సందర్భాలే ఎక్కువ. బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నచోట ప్రతి తడికీ మట్టి క్షారత్వం కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఆ క్షారత్వాన్ని కొలిచే ఉదజని సూచిక (పీహెచ్) 7 దాటిన కొద్దీ ఇనుము వేరుకు చిక్కని రూపంలోకి మారిపోతుంది. నీళ్లు కాచే గిన్నె లోపల తెల్లని పొర గట్టిగా పేరుకుంటోందంటే ఆ నీరే కుండీలోకీ వెళ్తోందని గ్రహించాలి. దీనికి తోడు కట్టెల పొయ్యి బూడిదను మంచి ఎరువని గుప్పిళ్లతో చల్లే అలవాటు ఉంది. బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే కానీ అది క్షారం, కఠిన జలం పోసే కుండీలో అది లోపాన్ని పెంచుతుంది. వీలైనంత వరకు వాన నీరు పట్టి పోయడం, పైమట్టిని తీసి కొత్త మిశ్రమం వేయడం శాశ్వతంగా పనికొచ్చే మార్గాలు. తక్షణం కోలుకోవడానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) రెండు మూడు గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) అర గ్రాము లీటరు నీటిలో కరిగించి సాయంత్రం పిచికారీ చేసి, వారానికి మరోసారి చేయవచ్చు. పొలానికి చెప్పే మోతాదు ఇంతకు రెట్టింపు ఉంటుంది, కుండీ మొక్క లేత ఆకు దానికి మాడే అవకాశం ఉంది.

కుండీ అంచున తెల్లని పెచ్చు కట్టి, ఆకు కొనలు గోధుమ రంగుకు తిరిగితే అది లోపం కాదు, ఎరువు ఎక్కువైన లక్షణం. కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్లు మంచినీరు పోసి అడుగు నుంచి కారనిచ్చి, కొద్ది రోజులు ఎరువు మానాలి.

రంగు మార్పు చుక్కలు చుక్కలుగా ఉంటే పురుగు కోసం వెతకాలి. ఆకును తెల్ల కాగితం మీద తట్టితే కదిలే చుక్కలు రాలతాయి. మిరప రైతులు పైముడత, కింది ముడత అని చెప్పే గుర్తులు ఇంట్లో కూడా పనికొస్తాయి: ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. 2021-22లో తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో గుంపులుగా ఉంటుంది కనుక పూత మీదున్న మొక్కలో పూలను కూడా విప్పి చూడాలి. ఆకు అడుగున సన్నని సాలెగూడు ఉండి పైన ఇసుక చల్లినట్టు పసుపు చుక్కలుంటే ఎర్రనల్లి. ఏసీ గదుల పొడి గాలిలో ఇది త్వరగా పెరుగుతుంది. ముందు ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడిగి, తరువాత వేపనూనె ఐదు మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బునీరు లీటరు నీటికి కలిపి సాయంత్రం కొట్టాలి. ఆ రాత్రి దీపం వెలిగించకపోవడం మంచిది.

తెల్లదోమ వాలిన మొక్కలో చిగుళ్లు ముడుచుకుని, ఈనెలు పసుపెక్కి, ఎదుగుదల ఆగితే వైరస్ అని అనుమానించాలి. దానికి మందు లేదు. మిగతా కుండీలకు పాకకముందే ఆ మొక్కను పీకి సంచిలో కట్టి పారేయడం మేలు.

కిటికీ పక్కన పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో నేరుగా డాబా ఎండకు మార్చినప్పుడు ఎండ తగిలిన పక్క ఆకులపై తెల్లని మచ్చలు పడతాయి, దీపానికి మరీ దగ్గరైన పై ఆకులు కూడా అలాగే వెలిసిపోతాయి. ఇవి ఎండ దెబ్బలు. వారం పది రోజుల పాటు గంట గంట పెంచుతూ అలవాటు చేస్తే మళ్లీ రావు.

ఏ చికిత్స చేసినా ఒక్కసారికి ఒకటే చేసి పది రోజులు ఆగాలి, రెండు మూడు కలిపితే దేనివల్ల మేలు కలిగిందో తెలియదు. బాగా ముదిరిన పాత ఆకు మళ్లీ పచ్చబడుతుందని ఎదురుచూడకూడదు, కొత్తగా వచ్చే ఆకు రంగునే కొలమానంగా తీసుకోవాలి. అప్పటికీ తేలకపోతే వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో చూపించవచ్చు. వెళ్లేటప్పుడు రాలిన ఎండుటాకులు తీసుకెళ్తే ప్రయోజనం ఉండదు; అడుగు ఆకు, మధ్య ఆకు, చిగురు ఉన్న కొమ్మను తడి కాగితంలో చుట్టి, గుప్పెడు మట్టి, పోసే నీరు ఒక సీసాలో వెంట తీసుకెళ్లాలి.