ఇంగ్లీషు మాటల తికమక: తప్పు అక్కడ, వేరు ఇక్కడ

ఉద్యోగ దరఖాస్తులు, కార్యాలయ లేఖలు దిద్దే పని చాలాకాలంగా చేస్తున్నాను. నా ఎర్ర సిరా ఎక్కువగా ఖర్చయ్యేది అందరికీ వచ్చిన చిన్న మాటల దగ్గరే. స్పెల్లింగు తప్పులు కంప్యూటరే పట్టేస్తుంది. ఇక్కడ స్పెల్లింగు సరిగ్గానే ఉంటుంది కాబట్టి చాలాసార్లు దానికీ దొరకవు. వీటిలో సగానికి పైగా తప్పులకు వేరు తెలుగులోనే ఉందని నా అనుభవం. వేరు దొరికితే మందు కూడా తెలుగులోనే దొరుకుతుంది.

సిన్స్, ఫర్

సమస్య: 'అయిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అని చెప్పబోయి అయిదేళ్లకు 'సిన్స్' తగిలించడం, లేదా 'ఫ్రం' పెట్టడం.

కారణం: మన 'నుంచి'. 2019 నుంచి అంటాం, అయిదేళ్ల నుంచి అని కూడా అంటాం. ఇంగ్లీషులో మొదలైన సమయానికి 'సిన్స్', గడిచిన వ్యవధికి 'ఫర్'. 'రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను' అన్న మనిషి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడా, వచ్చి రెండు గంటలయిందా? తెలుగు వాక్యం ఆ గుట్టు విప్పదు.

పరిష్కారం: 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. 'అయిదేళ్లుగా' అతుకుతుంది, అది 'ఫర్'. '2019గా' అతకదు, అది 'సిన్స్'. క్రియ విషయంలోనూ కొంచెం జాగ్రత్త అవసరం. మనకు 'చేస్తున్నాను' సరిపోతుంది గాని, ఇంగ్లీషుకు 'యామ్ వర్కింగ్' చాలదు, 'హావ్ బీన్ వర్కింగ్' కావాలి.

స్టిల్, యెట్

సమస్య: ఒకదాని చోట మరొకటి పడుతుంది.

కారణం: 'ఇంకా' అనే మన సర్వాంతర్యామి. ఇంకా ఉన్నాడు, ఇంకా రాలేదు, ఇంకా వడ్డించండి, ఇంకా ఏమిటి విశేషాలు? నాలుగు చోట్లా ఒకే మాటతో గడిచిపోతుంది. ఇంగ్లీషులో నాలుగింటికీ నాలుగు మాటలు కావాలి.

పరిష్కారం: పని సాగుతూ ఉంటే 'స్టిల్'. జరగాల్సింది జరగకపోతే, లేదా జరిగిందా అని అడిగితే 'యెట్'. వడ్డించమనడానికి 'మోర్', విశేషాలు అడగడానికి 'ఎల్స్'. ఒక మెలిక ఉంది: 'రాలేదు' అనే చోట కూడా 'స్టిల్' వాడవచ్చు, కాని అందులో విసుగు వినిపిస్తుంది. పై అధికారికి రాసే లేఖలో 'ఫైలు ఇంకా రాలేదు' అనడానికి 'యెట్' వాడటమే క్షేమం.

సీ, లుక్, వాచ్

మనకు అన్నీ 'చూడటమే'. 'కనబడింది' అనగలిగితే 'సీ'. కావాలని కళ్లు తిప్పి చూస్తే 'లుక్'. కదులుతున్నదాన్ని కాసేపు చూస్తూ కూర్చుంటే 'వాచ్'. ఇదే కిటుకు చెవులకూ పనిచేస్తుంది: 'వినబడింది' అంటే 'హియర్', చెవి ఒగ్గి వింటే 'లిసన్'.

బై, అంటిల్

'సోమవారం వరకు నివేదిక పంపుతాను' అని 'అంటిల్' వాడి రాస్తే, అవతలివారికి సోమవారం దాకా రోజూ పంపుతూనే ఉంటారన్న అర్థం వస్తుంది. గడువు చెప్పడానికి కూడా 'వరకు' అనే అలవాటు మనలో కొందరికి ఉండటమే దీనికి కారణం. రాసే ముందు మనసులో 'లోపు' అనుకోండి. 'సోమవారం లోపు' సరిపోతే 'బై', 'సోమవారం దాకా' అన్నదే సరిపోతే 'అంటిల్'.

లూస్, లూజ్

ఈ తప్పు చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఇది మన చెవి చేసిన మోసం. వదులు చొక్కాను మనం 'లూజు' అంటాం. ఇంగ్లీషులో వదులుకు పలుకు 'లూస్', పోగొట్టుకోవడానికి 'లూజ్'. మన నోట రెండూ ఒకటైపోయాక చేతికి ఏ స్పెల్లింగు తోస్తే అదే కాగితం మీద పడుతుంది. వదులుగా ఉన్నదాంట్లో ఇంకో 'ఓ' పడుతుందని గుర్తుంచుకోండి. రెండు 'ఓ'లుంటే వదులు, ఒకటి పోతే పోగొట్టుకోవడం.

అఫెక్ట్, ఎఫెక్ట్

'వర్షాలకు పంట ఎఫెక్ట్ అయింది' అని మాట్లాడి మాట్లాడి, రాతలో కూడా 'ఈ'తోనే మొదలుపెడతాం. 'ప్రభావం' అని నామవాచకం వచ్చే చోట 'ఈ', 'ప్రభావితం చేసింది' అని క్రియ వచ్చే చోట 'ఏ'. 'ఈ'తో క్రియ కూడా లేకపోలేదు. మార్పును సాధించి తీసుకురావడం అని దాని అర్థం. మామూలు లేఖల్లో అంతగా అవసరపడదు.

స్టేషనరీ, ప్రాక్టీస్

ఇవి ఉచ్చారణతో తేలవు, స్పెల్లింగే దిక్కు. కదలకుండా ఉన్నదాని చివర 'ఏ ఆర్ వై', కాగితాలు కలాల సామగ్రి చివర 'ఈ ఆర్ వై'. నిజానికి రెండూ ఒక తల్లి బిడ్డలే. ఊరూరా తిరిగి అమ్మేవాళ్లలా కాకుండా ఒకేచోట అంగడి పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని 'స్టేషనర్' అన్నారు. లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే ఏర్పడింది. ఇక 'ప్రాక్టీస్' బ్రిటిష్ పద్ధతిలో నామవాచకమైతే 'సీ'తో, క్రియ అయితే 'ఎస్'తో రాస్తారు. అమెరికాలో రెండింటికీ 'సీ'యే. ఎవరికి రాస్తున్నారో చూసుకుని ఒక పద్ధతికే కట్టుబడండి.

డౌట్

తరగతిలో చెయ్యెత్తి 'డౌట్' అంటే మన దగ్గర ఎవరూ తప్పుపట్టరు, 'సందేహం' అన్నట్టే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో సహోద్యోగి వివరణ ఇచ్చాక అదే మాట అంటే, మీకు ఆయన మాట మీద నమ్మకం లేదని వినిపిస్తుంది. అక్కడ 'క్వశ్చన్' అనండి.